నాన్న నేర్పిన దొర్లుడు

అమ్మా, మోకాలి వాపు తగ్గింది, దిగులు పడకు. రెండిట్లో ఏదని అడిగావుగా, కాలేజీ కుస్తీ ఆఖరి ఏడాది వదిలేసి అంతర్జాతీయ ఫ్రీస్టయిల్ కుస్తీలోనే ఉంటున్నాను. కిందపడితే వీపు మీదుగా దొర్లి తప్పించుకోవడం మన కొట్టంలో నాన్న నేర్పాడు కదా, కాలేజీలో దానికే చప్పట్లు. ఫ్రీస్టయిల్‌లో వీపు మ్యాట్ వైపు తిరిగితే చాలు, పాయింట్లు ఎదుటివాడివే. "మీ నాన్న నీ నడుంలో కూర్చున్నాడురా గారెట్, దింపెయ్" అని కోచ్ హోయ్ట్ రోజూ పోరేవాడు. నిన్న పోటీలో మొదటిసారి ఒళ్ళు దొర్లలేదు. గెలిచాను. అందరూ భుజం తట్టారు. నాకు మాత్రం నాన్న మళ్ళీ పోయినట్టనిపించింది.

మొక్కజొన్న కోతకి మనుషులు దొరికారా? చెల్లి లియాకి ముద్దులు. కొట్టంలో మ్యాట్ మాత్రం చుట్టేయకు. వచ్చినప్పుడు ఒక్కసారి దొర్లుతాను.

నీ గారెట్