ముష్తాక్ చిక్కిపోయిన సంగతి

రబియాకు సలామ్.

ఇక్కడ ఫోను పలకదు. అందుకే చేపల బండి షాహిద్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. వాసన వస్తే తిట్టకు. నాతో రమ్మంటే, ఈ ఆదిలాబాద్ అడవిలో, చేపల కంపులో ఉండలేనన్నావు. నేనూ రోషంతో "ఉండకు పో" అన్నాను. చెరువు మీద చేపలు తూకం వేసే పని బాగానే ఉంది. పడవవాళ్లతో కలిసి నిప్పుల మీద చేపలు కాల్చుకుని తింటున్నాను. ఎంత తిన్నా చిక్కిపోతున్నాను. ప్యాంటు నడుము మీద నిలవడం లేదు.

ముష్తాక్

తా.క.: నువ్వు గుర్తొచ్చి రాయలేదు. ఊరికే రాశాను.

*

మీకు రబియా సలామ్.

ఉత్తరం పక్కింటి రుక్సానా ఆపాకు చూపించాను. "నీ మీద బెంగతోని చిక్కిపోతుండు, పాపం" అన్నది. ఇప్పుడు జమ్మికుంటంతా అదే మాట. కూరగాయలాయన కూడా "మీ ఆయన జర మంచిగున్నడా?" అని జాలిగా అడుగుతున్నాడు. సిగ్గేసింది, సంతోషమూ వేసింది. అంత బెంగ ఉన్నవారు "రా" అని ఒక్క మాట రాయొచ్చు కదా! దానికోసమే చూస్తున్నాను.

మీ రబియా

తా.క.: బెల్టు పంపుతున్నాను. బెంగ మాత్రం తగ్గించుకోకండి.

*

రబియాకు సలామ్.

కోపం తెచ్చుకోకు. డాక్టరమ్మకు చూపించుకున్నాను. అది బెంగ కాదట, కడుపులో బద్దెపురుగట. "చేప లోపల పచ్చిగ ఉండంగనే తిన్నవా?" అని గద్దించింది. నిజమే, పైన మాడితే చాలు, ఆకలికి ఆగలేక తినేసేవాణ్ణి. మాత్ర వేసుకున్నాను, పురుగు పడిపోయింది. పడవవాళ్లు "లంగరు తాడంత ఉన్నదిరో" అని అందరికీ చెప్పుకుంటున్నారు. జమ్మికుంటకు నువ్వే నచ్చజెప్పుకోవాలి.

నీ ముష్తాక్

తా.క.: "రా" అని రాద్దామని కూర్చున్నాను. ఇప్పుడు ఏ ముఖంతో రాయను?

*

మీకు సలామ్.

ఆపా పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మీరు పోయినప్పటి నుంచి నాకూ అన్నం సహించడం లేదు, గాజులు జారిపోతున్నాయి. నాకూ పురుగేమోనని ఆపా దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "చేపలు తింటవా అమ్మా?" అన్నాడు. లేదన్నాను. మీరు లేని ఇంట్లో చేప ఎవరికోసం వండాలి? "నీ కడుపుల ఏం పురుగు లేదు. ఏం ఫికర్ పెట్టుకున్నవ్?" అన్నాడు. అక్కడే ఏడ్చేశాను. నాది ఉత్త బెంగే. మందు లేదట.

మీరు రమ్మనేదాకా ఆగలేను. ఈ ఉత్తరం షాహిద్ ఇవ్వడం లేదు. ఎవరిచ్చారో తలెత్తి చూడండి.

మీ రబియా

తా.క.: చేతిలో చేప ఉంటే కింద పెట్టండి. అది ఇంకా కాలి ఉండదు.