దేవుడి ముందు మాత్రల అట్ట

ఏమండీ,

లేవగానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లండి. మీ ఒళ్లు మళ్లీ కాలిపోతోంది. మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు చేతిసంచిలో పెట్టాను. మధ్యలో మానేశానని దాచకుండా చెప్పి, అవి చూపించండి. ఆవిడ చెప్పేదాకా మీ అంతట మీరు వేసుకోకండి.

పొద్దున దీపం పెట్టబోతే ఆ అట్ట దేవుడి పటం ముందు కనబడింది. అడిగితే నిద్రమత్తులోనే, "నాకు తగ్గిపోయిందిగా, నీ దగ్గుకి పనికొస్తాయని ఉంచానే" అన్నారు. ఏది తెచ్చుకున్నా దేవుడికి చూపించి సగం సగం చేసుకోవడం మనకు అలవాటే. మందుకి అదెందుకు కుదరదో అర్థం కాక, మందుల షాపులో పనిచేసే మా వదినకి ఫోన్ చేశాను.

"ఇదేమన్నా ప్రసాదమా తల్లీ, పంచుకోవడానికి? నీది జలుబు దగ్గు, దానికి ఆ మందు పనిచేయదు. ఆయనేమో మధ్యలో ఆపేస్తే లోపలి క్రిములు చావక మొండికెత్తుతాయి" అని కోప్పడింది.

పంచుకోవడం కూడా తప్పవుతుందా అని దేవుణ్ణి అడిగాను. దీపం వెలిగించి పనికి వెళ్తున్నాను.

ఇంకో మాట. నాకోసం దాచారని ముచ్చటపడాలో, జ్వరం చేతులారా తెచ్చుకున్నారని కోప్పడాలో తెలియడం లేదు. డాక్టరమ్మ ఏమందో ఫోన్ చేయండి, అప్పుడు తేల్చుకుంటాను.