హారన్ లేని గొంతు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. నారాయణఖేడ్‌లో నీ మైక్‌సెట్ దుకాణంలోనే కూర్చుని ఇప్పుడు నేను ఖరీదైన ఇయర్‌ఫోన్ల శబ్దం ఎలా ఉందో విని రాస్తున్నాను. కంపెనీలు పంపుతాయి, విన్నాక తిరిగి ఇచ్చేస్తాను.

ఏ జత వచ్చినా ముందు నీ గొంతుతోనే పరీక్షిస్తాను. బోరంచ జాతరలో మైకు నుంచి నేరుగా క్యాసెట్టుకెక్కిన మాట: "మనూర్ సాయన్నా, నీ ఎడ్లు పలుపు తెంపుకున్నయ్, జల్దీ రా." అది ఖంగుమంటే మంచి మార్కులు వేస్తాను.

మొన్న వచ్చిన జతలో నీ గొంతు మెత్తగా, పక్కనే కూర్చుని చెబుతున్నట్టు వినిపించింది. ఇంత ఖరీదు పెట్టి ఇదేం ట్యూనింగని విసుగొచ్చి, "గొంతులో పదును లేదు" అని రాసేశాను. డబ్బాలో సర్దేముందు ఎందుకో, నీతో కాపురం చేసిన అవ్వ చెవుల్లో పెట్టాను. వాటిని చెవులకు అదుముకుని వింది.

"గిది మీ బాపే. ఇంట్ల గిట్లనే మాట్లాడుతుండె" అంది.

"గింత మెల్లగనా?"

"నువ్వు ఎప్పుడు సూసినా జాతరల్ల గా మైకు హారన్ల కిందనే ఉంటివి బిడ్డా. గా గొంతే మనసుల పెట్టుకున్నవ్."

ఇన్నేళ్లూ హారన్ మోతను నీ గొంతనుకున్నాను, బాపూ. రాసిందంతా కొట్టేశాను.

ఈ జతను ఇవాళ కొరియర్‌లో పంపాలి. డబ్బా తెరిచే ఉంది. అవ్వ ఇంకా చెవుల్లోంచి తీయలేదు. "గా సాయన్నను ఇంకోసారి పిలువుమను" అంటోంది.