కాలువ గట్టున కారుకొచ్చే దగ్గు

మిర్యాలగూడ, మంగళవారం

ఇంజన్ల వైద్యుడు బిక్షపతికి నర్సింగరావు నమస్కారం.

షెడ్డు హోరులో నీ చెవులు పోయాయి, ఫోన్లో చెప్పి లాభం లేదు. అందుకే ఈ కాగితం కోదాడ బస్సు కండక్టర్ గోప్యా చేతికిస్తున్నాను.

మా తెల్ల అంబాసిడర్ సంగతి. స్టీరింగ్ ఎడమకు తిప్పితేనే హారన్ మోగుతుంది. తలుపు గట్టిగా వేస్తే వైపర్ ఒకసారి ఊగుతుంది. అవి వయసు ముచ్చట్లు, నాకూ ఉన్నాయి. అసలు జబ్బు వేరు. ప్రతి ఆదివారం మీ వదినతో సాగర్ బయల్దేరుతామా, కాలువ గట్టు రాగానే యాక్సిలరేటర్ తొక్కితే బండి కుదుపులు, నల్ల పొగ, దగ్గు, ఆగడం. నేను ఒంటరిగా పోతే ఏమీ లేదు.

చల్లారేదాకా గట్టు మీద కూచుంటాం. నీళ్లలో మేఘాలు సాగుతుంటాయి. మా తాత సంతకు ఎద్దు కోసం పోయి గుర్రం కొన్న కథ మొదలుపెడతాను. స్టీరింగ్ పట్టుకుంటే నాకు నోరు పెగలదు, తెలుసుగా. గుర్రం ఇల్లు చేరేలోపే బండి లేస్తుంది.

పాపం, ఆమెను ఇంత తిప్పలు పెట్టే బండి నాకెందుకు? సూర్యాపేట సురేందర్ పెళ్లి ఫొటోలకు పాత కార్లు కిరాయికిస్తాడు. ఈ ఆదివారం అతన్నీ ఎక్కించుకుపోతాను. బండి దగ్గిందా, అతనికిచ్చేస్తాను.

ఇట్లు, నీ అన్న
నర్సింగరావు

తా.క.: పొగ చూసి మీ వదిన, "ఈ ముసలిదానికి సుట్ట ఎవరు నేర్పిండ్రు?" అంది.

*

కోదాడ, బుధవారం

సేటన్నకు బిక్షపతి దండాలు.

మీరు ఒక్కరే ఉంటే బాగుండి, వదినమ్మ కూర్చుంటే దగ్గుతోందంటే కారణం కనబడుతూనే ఉంది. ఎలా రాయాలో తెలియక రెండు టీలు తాగాను. బరువు అన్నా, బరువు! ఎడమ పక్క కుంగి పెట్రోల్ పైపు నొక్కుకుంటోంది. వదినమ్మను వెనక కూర్చోబెట్టి చూడండి.

మీ తమ్ముడు
బిక్షపతి

తా.క.: ఇది చదివి చింపేయండి.

*

మిర్యాలగూడ, గురువారం

మహానుభావుడు బిక్షపతికి,

సీటు స్ప్రింగు గుచ్చుకుంటుందని అబద్ధమాడి మీ వదినను వెనక కూచోబెట్టాను. బండి వెన్నలా పోయింది! కానీ బరువు మాట తప్పు. ముందు సీట్లో ఆమెకు రెండింతలున్న మిల్లు హమాలీ కూచున్నాడు. అయినా దగ్గలేదు.

మీ వదిన మాత్రం దిగాక, "ఇగ నన్ను డిక్కీల పెట్టు, ఇంకా మంచిగ పోతది," అని లోపలికి వెళ్లిపోయింది. అప్పటి నుంచి బెండకాయ కూరలో ఉప్పు లేదు.

ఆదివారం దగ్గరపడింది. ఏదో ఒకటి చెప్పు.

నర్సింగరావు

తా.క.: నీ ఉత్తరం చింపలేదు, నా దుకాణంలో బియ్యం బస్తాల మధ్య దాచాను. ఆమె అక్కడ అడుగు పెట్టదు.

*

కోదాడ, శుక్రవారం

అన్నా,

దొరికింది! డ్యాష్‌బోర్డు మీద చోక్ బటన్ ఉంటుంది కదా, చలి పొద్దున బండి లేవడానికి లాగేది. ఇంజన్ వేడెక్కాక దాన్ని లాగితే పెట్రోలు ఎక్కువైపోయి దగ్గుతుంది, నల్లగా పొగ వస్తుంది. దాని లాక్ అరిగింది కనుక, వదిలితే తనే లోపలికి పోతుంది. ముందు కూర్చున్నప్పుడు వదినమ్మ దానికి ఏమన్నా తగిలిస్తున్నారా, చూడండి.

బిక్షపతి

తా.క.: బరువు మాట వెనక్కి తీసుకున్నాను.

*

మిర్యాలగూడ, సోమవారం

మరిది బిక్షపతికి మంగ వదిన దీవెనలు.

నీ చివరి ఉత్తరం గోప్యా నాకే ఇచ్చాడు. విప్పి చదివి, అన్నం మెతుకులతో అతికించి మీ అన్న కళ్లజోడు కింద పెట్టాను.

ఆ బటన్‌కు నా చేతిసంచి మొదటిసారి తెలియక తగిలించాను. బండి ఆగింది, మనిషి మాట్లాడాడు. ఆ తర్వాత తెలిసే తగిలించాను. వారమంతా బస్తాలతో మాట్లాడే మనిషి, ఆ గట్టు మీదే నాతో మాట్లాడతాడు. కానీ బండే పోతే ఇగ గట్టెక్కడిది? అందుకని నిన్న ముందు సీట్లో కూచున్నా, సంచి ఒళ్లోనే పెట్టుకున్నాను. బండి పడవలా సాగింది. ఆయన సాగర్ దాకా నోరు విప్పలేదు. సురేందర్ ముఖం మాడ్చుకుని అక్కడే బస్సెక్కాడు.

తిరిగి వస్తున్నాం. ఎండ మెత్తబడింది, వరి మీద కొంగలు తేలుతున్నాయి. సంచి నా ఒళ్లోనే ఉంది. అయినా బండి దగ్గింది. చూద్దును కదా, మీ అన్న కొంగల వైపు ముఖం తిప్పుకుని, రెండు వేళ్లతో ఆ బటన్ లాగి పట్టుకున్నాడు!

"అరె, మళ్ల ఆగింది," అన్నాడు.

"గిదేం బండో!" అన్నాను.

చీకటి పడేదాకా కూచున్నాం. తాత గుర్రం ఈసారి ఇల్లు చేరింది.

ఆ లాక్ బాగుచెయ్యకు.

మీ వదిన
మంగ

తా.క.: బియ్యం బస్తాల మధ్య ఉత్తరం కూడా చదివాను. కోదాడ వచ్చి మాట్లాడతా. నీ చెవులకు వినబడుతుందిలే.