చెప్పుల డబ్బా సంగతి

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు. నాకు షుగరు తేలింది. తీపి ముట్టను, ఒంటి మీద కండ లేదు, నాకెందుకొచ్చిందని డాక్టరమ్మను నిలదీశాను. కుట్టు కొట్టు నుంచి తిన్నగా వెళ్ళానేమో, టేపు మెడలోనే ఉంది. ఆవిడ దాంతోనే నా నడుం కొలిచి, "పుట్టినప్పుడు ఎంత బరువున్నారు?" అంది.

"బరువు తెలీదు గానీ, మా నాన్న చెప్పుల డబ్బాలో పట్టానటండీ" అన్నాను. మనింట్లో అందరం పడీ పడీ నవ్వే మాట కదా! ఆవిడ నవ్వలేదు. "మీ అమ్మగారు కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినలేదేమో. అలా పుట్టినవాళ్ళకి పెద్దయ్యాక ఇలాంటివి వచ్చే అవకాశం ఎక్కువ" అంది.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదమ్మా. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని నానమ్మ చెబితే నమ్మి ఆకలి చంపుకున్నావు. నాకు మందులున్నాయి. బెంగంతా చెల్లి గురించే. ఐదో నెలలో ఉన్నదాన్ని అదే మాట చెప్పి సగంలోనే కంచం ముందు నుంచి లేపేస్తున్నావట. ఇక ఆ పని చెయ్యకు. పాలు, గుడ్లు మానిపించకు. పక్కన కూచుని తినిపించు, నువ్వూ తిను.

నాన్న దగ్గు తగ్గిందా? వంటింటి కిటికీ రెక్క బాగు చేయించారా?

పుట్టబోయే బిడ్డకు చొక్కా కుట్టి పంపుతున్నాను. కావాలనే బాగా వదులుగా కుట్టాను. అది బిగుతయ్యేలా చూసే పూచీ నీది.

డబ్బాలో పట్టిన నీ కొడుకు