నడి ఏటి స్తంభం మీద నిచ్చెన

మార్చి 4, మంగళవారం

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. నియోజకవర్గానికి చరిత్ర రాయడమంటే మూకుడుకు జాతకం రాయడమే. కానీ చెల్లెలు ఏరు దాటి వచ్చి మరీ అడిగింది. మా నియోజకవర్గాన్ని రెండు ముక్కలు చేస్తారట. ఏరే సరిహద్దట. అభ్యంతరాలు వినడానికి ఆఫీసరు వస్తాడట. ఇన్నేళ్ళూ ఇది ఒకటిగా ఉందని చరిత్ర రాసి ఆయన ముందు చదవాలి.

“ఇన్ని గోడలు రాశావు, నాలుగు కాగితాలు రాయలేవా అన్నయ్యా” అంది.

గోడలు రాయడం నా వృత్తి. ఏ ఎన్నికలు వచ్చినా అందరి గుర్తులూ నేనే వేసేవాణ్ణి. గోడకు పార్టీ లేదు, బ్రష్షుకు అంతకన్నా లేదు. బడి మొహం కొద్దిగానే చూశాను. మిగతా చదువంతా గోడల మీదే. గోడ మీద తప్పు రాస్తే వచ్చేపోయేవాళ్ళంతా దిద్దుతారు. అంతకన్నా మంచి బడి ఎక్కడుంది?

మార్చి 5

చెల్లెలికి ఇంత పట్టుదల ఎందుకో కూడా రాయాలి. ఆమె టైలరు. మూడుసార్లు అసెంబ్లీకి నిలబడింది, ఇండిపెండెంటుగా, నిచ్చెన గుర్తు మీద. మూడుసార్లూ ఓడింది. పుట్టింది ఈ గట్టున, మెట్టింది ఆ గట్టున. ఈ గట్టువాళ్ళు ఆ గట్టు కోడలన్నారు, ఆ గట్టువాళ్ళు ఈ గట్టు ఆడపడుచన్నారు. అయినా ప్రతిసారీ ఓట్లు పెరుగుతూనే వచ్చాయి. రెండు గట్ల నడుముల కొలతలూ తెలిసిన మనిషి మరొకరు లేరు. ఈసారి గెలుస్తుంది. అది ఆమెకు తెలుసు, ఎదుటివాళ్ళకూ తెలుసు. ఏటి మీద గీత పడితే మాత్రం సగం ఓట్లు ఇటు, సగం అటు. ఇక ఎక్కడా గెలవదు. మళ్ళీ ఎన్నికల దాకా మోకాళ్ళు ఆగవని తనే చెప్పింది.

ఆమె అడిగేది ఒక్కటే, వంతెన. ఆమె మొదటి కాన్పు పడవలోనే జరిగింది. ఆ మాట ఏ మీటింగులోనూ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

మార్చి 9, ఆదివారం

చరిత్ర మొదలుపెట్టాను. చుట్టుపక్కల నియోజకవర్గాలు తమకు అక్కర్లేని ముక్కలు పారేస్తే, వాటిని కుట్టి దీన్ని చేశారు. అతుకుల బొంత. మొదటి అసెంబ్లీ మెంబరుకు లారీలు తూచే వేబ్రిడ్జి ఉండేది. ఓటర్లు సరదాగా ఎక్కి తూకం చూసుకునేవాళ్ళు. ఓటేయనివాడికి బరువు ఎక్కువ చూపిస్తాడని పుకారు. రెండోవాడు కాంపౌండరు. సూది ఆయన చేతిలో ఉంది కనక ఎదురు నిలవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మూడోవాడికి సినిమా హాలు. అసెంబ్లీలో ఇంటర్వెల్ ఎప్పుడని అడిగాడట. ఇది నేను పుట్టించిన మాట కాదు, పెంచాను అంతే.

ముగ్గురూ వంతెన కడతామన్నారు. తలా ఒక స్తంభం కట్టారు. ఒకటి గుండ్రం, ఒకటి పలకలు, నడి ఏట్లో ఉన్నది కాస్త వాలింది. పైన రోడ్డు లేదు.

మార్చి 10

పన్ను నొప్పి. చరిత్ర ఆగింది.

మార్చి 16

మా ఆవిడకు చదివి వినిపించాను. నవ్వింది. తర్వాత, “ఇంతకీ మీరు ఎవరి తరఫున రాశారు?” అంది. ఆడవాళ్ళకు హాస్యం పట్టదని రాయబోయాను. కానీ నవ్విందిగా.

ఏప్రిల్ 2, బుధవారం

విచారణ. హాలు నిండింది. ఆఫీసరు సన్నగా, దగ్గుతూ ఉన్నాడు. పొద్దుటినుంచీ ఉత్త అర్జీలు విని విసిగిపోయినట్టున్నాడు. నా వంతు వచ్చింది. వేబ్రిడ్జికి హాలు నవ్వింది. కాంపౌండరుకు ఆఫీసరు కూడా నవ్వాడు. నవ్వేవాళ్ళు దొరికాక నేను ఆగే రకం కాదు. కాగితంలో లేని విగ్రహం సంగతి కూడా ఎత్తుకున్నాను.

మొదటి మెంబరు పోయాక విగ్రహం చేయించారు. ఎక్కడ పెట్టాలి? ఈ గట్టునంటే ఆ గట్టు ఒప్పుకోలేదు, ఆ గట్టునంటే ఈ గట్టు. సరే, ఏటి మధ్యన పెడదామన్నారు. మొహం ఎటు? ఎటు తిప్పినా ఒక గట్టుకు వీపు. చివరికి గోడౌనులో, గోడవైపు తిప్పి పెట్టారు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను. ఈసారి ఇంకా బాగా వచ్చింది.

చెల్లెలు ముందు వరసలో ఉంది. ఆమె నవ్వలేదు.

అదే రోజు, సాయంత్రం

చెల్లెల్ని రేవు దాకా దిగబెట్టాను. పడవెక్కాక అంది.

“నువ్వు మమ్మల్ని కలపడానికి వచ్చావా అన్నయ్యా, వాళ్ళను నవ్వించడానికి వచ్చావా?”

పడవ కదిలింది.

జూన్ 20, శుక్రవారం

ఆర్డరు వచ్చింది. ఏరే సరిహద్దు. కారణాల్లో ఒక వాక్యం ఉంది: ఈ రెండు గట్లూ విగ్రహం విషయంలో సైతం ఏకాభిప్రాయానికి రాలేదని స్థానిక చరిత్రకారుడే స్వయంగా తెలియజేశారు.

నన్ను చరిత్రకారుడన్నవాడు జన్మలో ఆయనొక్కడే. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా ఆవిడ సామెత అందుకుంది. ఊరి సంగతి ఏమోగానీ నా నోటికి నియోజకవర్గం రెండయింది.

జూన్ 29

చెల్లెలు రాలేదు.

జులై 6

రాలేదు. ఆదివారం వస్తే ఇక్కడే భోంచేసేది. మా ఆవిడ ఆమె కంచం కూడా పెట్టి, మళ్ళీ తీసేసింది.

అక్టోబరు 8, బుధవారం

చెల్లెలు నామినేషన్ వేసింది. రెండు చోట్లా. ఈ గట్టునా, ఆ గట్టునా. రెండు చోట్లా నిచ్చెనే ఇచ్చారు. టీ బంకు దగ్గర, రెంటికీ చెడ్డ రేవడి అని ఎవడో అన్నాడు. పడవవాడు టీ తాగుతున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: “రెండు గట్లూ తాకనిదాన్ని పడవ అనరు బాబూ.”

గోడలకు నన్ను పిలవలేదు. ఫ్లెక్సీలు వేయించుకుంది.

అక్టోబరు 12

పిలవకపోయినా పోయాను. పడవవాడు నడి ఏటి స్తంభానికి పడవ ఆనించి పట్టుకున్నాడు. నీటిమట్టం దగ్గర్నుంచి చెయ్యి అందినంత ఎత్తు దాకా నిచ్చెన వేశాను, పచ్చరంగు. రెండు వైపులా. ఏ గట్టుకూ వీపు లేకుండా. పడవ ఊగుతుంటే గీత నిలవదు. ఆ కష్టం గోడలు రాసేవాళ్ళకే తెలుస్తుంది.

అక్టోబరు 21

రూలు ప్రకారం గుర్తులు చెరపాలని సున్నం బకెట్లతో రెండు ఆఫీసుల మనుషులూ వచ్చారు. సరిహద్దు సరిగ్గా స్తంభం మధ్యలోంచి పోతోంది. ఈ గట్టువాళ్ళు అది మీదన్నారు, ఆ గట్టువాళ్ళు మీదన్నారు. పెద్ద ఆఫీసుకు రాశారు. సున్నం గట్టిపడింది.

నవంబరు 24, సోమవారం

లెక్కింపు. ఈ గట్టున చెల్లెలు రెండోది. ఆ గట్టునా రెండోదే. ఇక్కడ గెలిచినవాడికి అక్కడ ఒక్క ఓటు లేదు, అక్కడివాడికి ఇక్కడ లేదు. ఆమె రెండు లెక్కలూ కలిపితే ఆ ఇద్దరిలో ఎవరికన్నా ఎక్కువే. పాత నియోజకవర్గం ఉండి ఉంటే గెలిచేది. ఉండకపోవడానికి కారణం నేను.

చరిత్ర కాగితాల చివర ఒక వాక్యం చేర్చాను. నాలుగో మెంబరు: టైలరు. లేని నియోజకవర్గం నుంచి గెలిచింది.

నవ్వు రాలేదు.

నవంబరు 30, ఆదివారం

చెల్లెలు వచ్చింది. స్తంభం దగ్గర పడవ ఆపించి చూసిందట. కింది మెట్టు వంకరగా ఉందంది. భోంచేశాక ఇద్దరం వెళ్ళాం. పడవ కదలకుండా తను స్తంభం పట్టుకుంది. సరిచేశాను.