సోడియం పడిపోయింది

మంగళవారం రాత్రి, కిచెనర్, కెనడా

పేగు ఆపరేషన్ తర్వాత మా ఆయనకు రక్తంలో సోడియం పడిపోయి, మాట తికమకగా ఉంది. ఈరోజు నన్ను నర్సు అనుకున్నారు.

"సిస్టర్, కాసిని నీళ్లివ్వండి. మా ఆవిడ ఇవ్వనంటోంది."

నీళ్లు ఎక్కువైతే సోడియం ఇంకా పడిపోతుందట, తాగిన ప్రతి గుక్కా నన్ను లెక్క రాయమన్నారు. అందుకే నీళ్లకు బదులు ఆసుపత్రికి మజ్జిగ పట్టుకెళ్లాను. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండి నర్సింగ్ చదివే స్వాతి ఆయన్ని చూడడానికి వచ్చి, గ్లాసు పక్కన పెట్టేసింది.

"మజ్జిగా నీళ్ల కిందే లెక్క ఆంటీ. సోడియం పెరిగితే అంకుల్ మిమ్మల్ని గుర్తుపడతారు."



నీళ్లలో ముంచిన స్పాంజి పుల్లతో ఆయన పెదవులు తడిపాను. కళ్లు మూసుకుని చప్పరించారు.

"మా ఆవిడకు చెప్పకండి సిస్టర్. లెక్క రాసేస్తుంది."

చెప్పనన్నాను. ఏడుపేమీ రాలేదు. సోడియం చూడడానికి పొద్దున మళ్లీ రక్తం తీస్తారు.